గోడకు రంధ్రం పెట్టకుండా ఐదు సైకిళ్ల స్టాండు: కొక్కేల సంగతి తర్వాత, ముందు పీఠం చూడండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. అద్దె ఇల్లు, గోడకు రంధ్రాలు పెట్టడానికి వీల్లేదు. ఐదు సైకిళ్లు ఉన్నాయి: ఒక మౌంటెన్ బైకు, ఒక హైబ్రిడ్, ముందు బుట్ట ఉన్న పాత ఇనుప సైకిల్, పిల్లలవి రెండు (20 అంగుళాలది ఒకటి, 16 అంగుళాలది ఒకటి). కింద టైల్స్. ఊడ్చేటప్పుడు, కారు లోపల పెట్టేటప్పుడు స్టాండును సైకిళ్లతో సహా పక్కకు తోసెయ్యగలగాలి. మీరు గీసిన బొమ్మలో రెండు నిలువు స్తంభాలు, పైన అడ్డకమ్మీ, దానికి కొక్కేలు ఉన్నాయి. సైకిళ్లన్నీ ముందు చక్రం కొక్కేనికి తగిలించి ఒకే వైపు వేలాడుతున్నాయి. కింద 80 సెం.మీ. వెడల్పు పీఠం, నాలుగు మూలలా 2 అంగుళాల క్యాస్టర్ చక్రాలు (ఏ వైపుకైనా తిరిగేవి). ఇది నిలబడుతుందా, కర్రతో చెయ్యాలా ఇనుముతో చెయ్యాలా అన్నది ప్రశ్న.

కర్రా ఇనుమా అన్నది ఆఖరున తేలే సంగతి. నిలబడుతుందా అంటే, నిలబడదు. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. ఈ ఒక్క లెక్క పట్టుబడితే మిగతా డిజైన్ మీరే చేసుకోగలరు.

సైకిల్ మామూలుగా నేల మీద నిలబడినప్పుడు దాని బరువు కేంద్రం దాదాపు అర మీటరు ఎత్తులో ఉంటుంది. అదే సైకిల్‌ను నిలువుగా వేలాడదీస్తే రెండు టైర్లూ స్తంభం వైపు ఆనుకుంటాయి, ఆ అర మీటరు ఎత్తు కాస్తా అర మీటరు దూరం అయిపోతుంది. అంటే బరువు స్తంభం మీద కాకుండా స్తంభానికి అర మీటరు ముందు నుంచి కిందికి లాగుతుంది. మీ సైకిళ్లు 15, 13, 16, 9, 7 కిలోలు అనుకుందాం, మొత్తం 60. పిల్లల సైకిళ్లు చిన్నవి కాబట్టి సగటు దూరం 48 సెం.మీ. అనుకుందాం. పీఠం స్తంభానికి అటు 40, ఇటు 40. స్టాండు సొంత బరువు 20 కిలోలు. పీఠం ముందంచు దగ్గర నిలబడి చూస్తే సైకిళ్ల బరువు 8 సెం.మీ. బయటికి ఉంది: 60 × 8 = 480. స్టాండు బరువు 40 సెం.మీ. లోపల ఉంది: 20 × 40 = 800. నిలబెట్టేది 800, పడగొట్టేది 480, మిగిలింది 320. ఒకటిన్నర మీటర్ల ఎత్తున ఎవరైనా తనవైపు లాగితే 320 ÷ 150, అంటే రెండు కిలోల పైచిలుకు బలం చాలు, మొత్తం బోల్తా పడుతుంది. పక్క నుంచి పోతూ హ్యాండిల్‌కు చొక్కా తగులుకున్నా ఆ మాత్రం బలం వస్తుంది.

ఇందులో క్యాస్టర్ల సంగతి ఇంకా కలపలేదు. గుండ్రంగా తిరిగే క్యాస్టర్ చక్రం తన బోల్టుకు సరిగ్గా కింద నేలను తాకదు, 3-4 సెం.మీ. పక్కగా తాకుతుంది. అలా ఉంటేనే అది తోసిన వైపు తిరుగుతుంది. ముందు చక్రాలు రెండూ లోపలి వైపు తిరిగి ఉన్న సమయంలో మీ 40 సెం.మీ. కాస్తా 36 అవుతుంది. మళ్లీ లెక్క వెయ్యండి: 60 × 12 = 720, 20 × 36 = 720. మిగిలింది సున్నా. ఎవరూ చెయ్యి వెయ్యకుండానే పడిపోవచ్చు. పొద్దున బాగానే నిలబడిన స్టాండు, ఊడ్చడానికి కాస్త జరిపాక సాయంత్రం పడిపోవడానికి ఇదే కారణం.

"బ్రేకు ఉన్న క్యాస్టర్లు వేస్తాను" అని మీరు రాశారు. బ్రేకు దొర్లిపోకుండా ఆపుతుంది కానీ బోల్తా పడకుండా ఆపలేదు. పైగా చాలా రకాల్లో బ్రేకు చక్రాన్ని మాత్రమే పట్టుకుంటుంది, పైన తిరిగే మెడ తిరుగుతూనే ఉంటుంది. రెండింటినీ బిగించే రకం విడిగా అడిగి తీసుకోవాలి.

గడప సంగతీ అంతే. 2 అంగుళాల చక్రం ఒక సెంటీమీటరు గడప ఎక్కాలంటే దాని మీద ఉన్న బరువుకు దాదాపు 1.3 రెట్లు అడ్డంగా తోయాలి. 4 అంగుళాల చక్రానికైతే 0.75 రెట్లు చాలు. మీ స్టాండు నిండుగా ఉంటే 80 కిలోలు, ముందు రెండు చక్రాల మీద 40 కిలోలు అనుకుంటే, చిన్న చక్రాలతో 53 కిలోల తోపు కావాలి, పెద్ద చక్రాలతో 30. మనిషి చెయ్యి సహజంగా ఛాతీ ఎత్తున పడుతుంది. అక్కడి నుంచి 50 కిలోలు తోస్తే అది గడప ఎక్కదు, ముందుకు పడుతుంది.

కాబట్టి ఎత్తుగా వేలాడదీయడం, ఎక్కడికైనా తోసుకుపోవడం, పీఠం చిన్నగా ఉండటం, ఈ మూడూ ఒకే స్టాండులో కుదరవు. రెండు తీసుకుని మూడోది వదులుకోవాలి. మీ ఇంటి వివరాలు చూస్తే నేను వదులుకోమనేది వేలాడదీయడాన్నే. సైకిళ్ల బరువు నేలే మొయ్యనివ్వండి. స్టాండు పని పక్కకు పడకుండా పట్టుకోవడం ఒక్కటే అయితే అది తేలికగా ఉండొచ్చు, తేలికగా ఉంటే జరపడం పెద్ద సమస్యే కాదు.

సైకిళ్లతో సహా తొయ్యాలన్న కోరికను కూడా ఒకసారి తిరిగి ఆలోచించండి. సైకిల్‌కు చక్రాలు ముందే ఉన్నాయి. ఐదింటినీ బయటికి లాగి, ఖాళీ స్టాండు పక్కకు జరిపి, మళ్లీ పెట్టడానికి ఐదు నిమిషాలు పట్టదు. ఆ పని రోజూ ఉంటుందంటే చెప్పండి, అప్పుడు లెక్క వేరు. సైకిళ్లు మొత్తం ఎక్కి కూర్చునే చక్రాల పలక చెయ్యొచ్చు కానీ, ఐదు సైకిళ్లకు అది దాదాపు 180 × 165 సెం.మీ. అవుతుంది, 18 మి.మీ. ప్లైవుడ్డే 35 కిలోల దాకా తూగుతుంది. రెండు సైకిళ్ల వరకైతే బాగుంటుంది, ఐదుకు నేను చెయ్యను.

ఇక నేల మీద నిలబెట్టే స్టాండు. దీంట్లో అసలు పనితనమంతా గాడిలో ఉంది, అంటే ముందు చక్రం దూరే సందులో. దుకాణాల ముందు కనిపించే పొట్టి ఇనుప స్టాండ్లు చూసే ఉంటారు. చక్రాన్ని అడుగున ఒక జానెడు మాత్రం పట్టుకుంటాయి. ఎవరైనా హ్యాండిల్ దగ్గర 5 కిలోల బలంతో పక్కకు నెట్టారనుకోండి. హ్యాండిల్ మీటరు ఎత్తున, పట్టు 15 సెం.మీ. ఎత్తున ఉంటే, పట్టు దగ్గర చక్రం మీద పడే బలం 33 కిలోలు. రిమ్ములు వంకర తిరిగేది ఇలాగే. అదే పట్టును 45 సెం.మీ. ఎత్తుకు తీసుకెళితే ఆ బలం 11 కిలోలకు దిగుతుంది. అందుకే పెద్దవాళ్ల సైకిళ్లకు గాడి పక్కల నిలువు కమ్మీలు 45-48 సెం.మీ. ఎత్తు ఉండాలి. అంతకు మించి పెంచొద్దు, మీ పాత సైకిల్ బుట్ట అడ్డం వస్తుంది.

ఆ కమ్మీలు చక్రానికి ఎక్కడ పక్కన ఉండాలన్నది ఇంకా ముఖ్యం. చాలామంది హబ్బు (చక్రం నడిమి ఇరుసు భాగం) పక్కన పెడతారు, చూడటానికి అక్కడే బలంగా పట్టుకున్నట్టు ఉంటుంది. డిస్క్ బ్రేకు ఉన్న సైకిల్‌కు అది చేటు. డిస్కు హబ్బు చుట్టూ 7-9 సెం.మీ. దూరం వరకు ఉంటుంది, సైకిల్ లోపలికి నెట్టేటప్పుడు కమ్మీకి తగిలి కొంచెం వంగితే చాలు, తర్వాత తొక్కినంతసేపూ బ్రేకు ప్యాడ్‌కు రాసుకుంటూ చప్పుడు చేస్తుంది. కమ్మీలు చక్రం ముందంచు దగ్గర ఉండాలి. ఈ స్టాండులో గాడుల ముందు పొడుగునా ఒక అడ్డకమ్మీ ఉంటుంది; దానికి టైరు ముందు భాగం తాకి ఆగుతుంది, ఆ అడ్డకమ్మీ నుంచి వెనక్కి 10 సెం.మీ. లోతు మాత్రమే రెండు పక్కలా పట్టు. అక్కడ టైరు, రిమ్ము, స్పోకులు తప్ప ఇంకేమీ ఉండవు. 70 సెం.మీ. వ్యాసం ఉన్న చక్రం ముందంచు 45 సెం.మీ. ఎత్తున కూడా అడ్డకమ్మీకి 2 సెం.మీ. లోపే ఉంటుంది కాబట్టి పట్టు తప్పిపోదు.

గాడి వెడల్పు టైరు వెడల్పుకు 6-8 మి.మీ. ఎక్కువ. అన్నింటికీ ఒకే వెడల్పు పెట్టేద్దాం అనిపిస్తుంది, వద్దు. ఒక్కో పక్క 4 మి.మీ. సందు ఉండి పట్టు 45 సెం.మీ. ఎత్తున ఉంటే హ్యాండిల్ దగ్గర సైకిల్ ఒక సెంటీమీటరు లోపే వాలుతుంది. ఒక్కో పక్క 15 మి.మీ. సందు, పట్టు 20 సెం.మీ. ఎత్తున ఉంటే 7-8 సెం.మీ. వాలుతుంది. అలా ఐదు సైకిళ్లు ఒకదాని మీద ఒకటి వాలి హ్యాండిళ్లు చిక్కుకుపోతాయి.

టైరు వెడల్పు కొలవడానికి టేపు కూడా అక్కర్లేదు. టైరు పక్కన 40-622 లాంటి అంకెలు ఉంటాయి. ఐఎస్ఓ 5775 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మొదటిది టైరు వెడల్పు, రెండోది టైరు రిమ్ములో కూర్చునే చోట వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలోనే. మొదటి అంకెను రెండింతలు చేసి రెండో అంకెకు కలిపితే చక్రం బయటి వ్యాసం సుమారుగా వస్తుంది: 622 + 80 = 702 మి.మీ. పిల్లల సైకిల్ మీద 50-406 అని ఉంటే 506, 47-305 అని ఉంటే 399. అంగుళాల పేర్లను మాత్రం నమ్ముకోవద్దు. 20 అంగుళాల పేరుతోనే 406 రిమ్మూ ఉంది, 451 రిమ్మూ ఉంది. మీ ఐదు సైకిళ్ల అంకెలూ ఒక కాగితం మీద రాసుకోండి, సగం డిజైన్ అయిపోయినట్టే.

చక్రం వెనక్కి దొర్లకుండా గాడిలో చిన్న అడ్డబద్ద కావాలి. 25 మి.మీ. ఎత్తు బద్ద సరిపోతుంది. దాన్ని ఎక్కడ బిగించాలన్నది చక్రాన్ని బట్టి మారుతుంది. 70 సెం.మీ. చక్రానికి అడ్డకమ్మీ నుంచి 48 సెం.మీ. దూరంలో, 50 సెం.మీ. చక్రానికి 36 దగ్గర, 40 సెం.మీ. చక్రానికి 30 దగ్గర. ఈ కొలతలతో టైరు ముందు అడ్డకమ్మీకి, వెనక బద్దకు ఒకేసారి తాకి కుదురుగా కూర్చుంటుంది. 5 మి.మీ. అటూఇటూ అయినా ఫర్వాలేదు. బద్ద అంచు మాత్రం సానపట్టి గుండ్రంగా చెయ్యండి.

పీఠం పొడవు 165 సెం.మీ., లోతు 55 సెం.మీ. చాలు. దాని అడుగున 12 మి.మీ. ప్లైవుడ్ పలక ఒకటి బిగించండి, ముందు చక్రాలు దాని మీద నిలబడతాయి. దీనివల్ల రెండు లాభాలు. సైకిల్ సొంత బరువులో సగానికి కాస్త తక్కువ ముందు చక్రం మీద ఉంటుంది, అంటే ఐదు సైకిళ్లూ కలిసి పాతిక కిలోల దాకా స్టాండును తొక్కిపెడతాయి. లేకపోతే ఒక సైకిల్ బయటికి లాగిన ప్రతిసారీ బద్దకు తట్టుకుని స్టాండు కూడా వెంట వస్తుంది. రెండోది, టైర్ల మట్టి, నీళ్లు టైల్స్ మీద కాకుండా పలక మీద రాలతాయి. పలక అంచులకు పెయింటు గట్టిగా వెయ్యండి, ప్లైవుడ్ అంచు నుంచే నీళ్లు పీలుస్తుంది.

గాడుల మధ్య దూరం గురించి. హ్యాండిల్ వెడల్పు మౌంటెన్ బైకుకు 72 నుంచి 80 సెం.మీ., హైబ్రిడ్‌కు 58 నుంచి 68 దాకా ఉంటుంది. ఒకే ఎత్తున పక్కపక్కన పెడితే సైకిల్‌కు సైకిల్‌కు మధ్య 70 సెం.మీ. కావాలి, ఐదుకు గది చాలదు. ఈ సమస్య ఎవరడిగినా వచ్చే సలహా ఒకటే: ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి తిప్పి పెట్టండి అని. అది సగమే పనిచేస్తుంది. హ్యాండిళ్లు ఒకదానికొకటి తగలవు కానీ, తిప్పి పెట్టిన సైకిల్ సీటు సరిగ్గా పక్క సైకిల్ హ్యాండిల్ వరుసలోకి వస్తుంది. ముందు టైరు అంచు నుంచి హ్యాండిల్ పిడులు 55 సెం.మీ. దూరంలో, వెనక టైరు అంచు నుంచి సీటు మధ్యభాగం కూడా 57-60 సెం.మీ. దూరంలో ఉంటాయి మరి. సీటు సన్నం కాబట్టి కొంత నయం, అంతే.

మీకు అంతకంటే మంచి దారి ఇంట్లోనే ఉంది, పిల్లల సైకిళ్లు. వాటి హ్యాండిళ్లు పెద్ద సైకిళ్ల హ్యాండిళ్ల కన్నా 15-20 సెం.మీ. కింద ఉంటాయి, కాబట్టి వాటిని పెద్దవాటి మధ్య పెట్టండి. వరుస ఇలా: మౌంటెన్ బైకు, 20 అంగుళాలది, హైబ్రిడ్, 16 అంగుళాలది, పాత సైకిల్. గాడికి గాడికి మధ్య 37 సెం.మీ. మౌంటెన్ బైకు హ్యాండిల్‌లో సగం 38, హైబ్రిడ్‌ది సగం 31, కలిపి 69. వాటి మధ్య ఉన్న దూరం 74. సరిపోయింది. పెడళ్లు కూడా కలవవు, చిన్న సైకిల్ పెడళ్లు స్టాండుకు ఇంకా దగ్గరగా ఉంటాయి. పిల్లల గాడుల పక్క కమ్మీలు 30 సెం.మీ.కు మించొద్దు, 16 అంగుళాల చక్రం మొత్తం ఎత్తే 40.

పిల్లలు ఎదుగుతారు, రెండేళ్లలో ఈ వరుస చెడిపోతుంది. అందుకే గాడులను శాశ్వతంగా వెల్డింగ్ చెయ్యొద్దు. ఒక్కో జత కమ్మీలను 5 మి.మీ. ఇనుప పట్టీకి అతికించి, ఆ పట్టీని అడ్డకమ్మీకి రెండు 8 మి.మీ. బోల్టులతో బిగించండి. అడ్డకమ్మీకి ప్రతి 5 సెం.మీ.కు ఒక రంధ్రం వేసి ఉంచితే ఆ తర్వాత ఎటు కావాలంటే అటు జరుపుకోవచ్చు. 37 అన్న నా లెక్క అప్పుడు 35 లేదా 40 అవుతుంది; 35తో మొదలుపెట్టి మీ సైకిళ్లకు ఏది కుదిరితే అది. అన్నీ పెద్ద సైకిళ్లే అయిపోయిన రోజున, ఒకటి విడిచి ఒకటి గాడి కింద 20-25 సెం.మీ. ఎత్తు పెట్టె పెట్టి ముందు చక్రాన్ని దాని మీదికి ఎక్కించండి. పెట్టె పెట్టిన గాడికి కమ్మీలు, అడ్డకమ్మీ కూడా అంతే ఎత్తు పైకి జరగాలి. ఎత్తాల్సింది ముందు సగమే కాబట్టి ఆరేడు కిలోలు, పెద్ద పని కాదు.

జరపడానికి క్యాస్టర్లు వద్దు. పొడుగు వైపు ఒక చివర రెండు స్థిర చక్రాలు (పక్కకు తిరగనివి, 4 అంగుళాలవి) పెట్టండి. స్టాండు తన కాళ్ల మీద నిలబడినప్పుడు చక్రాలు నేలకు 5 మి.మీ. పైన ఉండాలి, ఆ చివర కాళ్ల కన్నా బయటికి ఉండాలి. రెండో చివర పట్టుకుని ఎత్తితే కాళ్లు లేచి బరువు చక్రాల మీదికి వస్తుంది, చక్రాల సూట్‌కేసులా లాక్కుపోవచ్చు. దింపగానే మళ్లీ కాళ్ల మీద. బ్రేకు అక్కర్లేదు, లోపలికి తిరిగి పీఠాన్ని తగ్గించే చక్రమే లేదు. స్టాండు మొత్తం 20 కిలోలైతే చేతికి వచ్చేది 10. అది కూడా ఎక్కువనిపిస్తే స్టాండును మూడు గాడులది ఒకటి, రెండు గాడులది ఒకటి చేసి మధ్యలో రెండు బోల్టులతో కలపండి. నేనైతే మొదటి నుంచే అలా చేస్తాను; ఇల్లు మారినప్పుడు మలుపుల్లో, మెట్ల మీద 165 సెం.మీ. ముక్క కంటే 90 సెం.మీ. ముక్క వెయ్యి రెట్లు నయం.

కాళ్లకు తిప్పి ఎత్తు సరిచేసుకునే స్క్రూ కాళ్లు వెయ్యండి, టైల్స్ ఎప్పుడూ సమంగా ఉండవు. అడుగున నల్ల రబ్బరు వద్దు, లేత రంగు నేల మీద మరక పడితే పోదు. నేలకు మరక అంటించని రబ్బరు అని అడిగితే దొరుకుతుంది.

ఇప్పుడు కర్రా ఇనుమా. మీకు వెల్డింగ్ చేసేవాళ్లు దగ్గరలో ఉంటే ఇనుమే. 25 × 25 మి.మీ., 1.5 మి.మీ. మందం స్క్వేర్ పైపు మీటరుకు 1.1 కిలోలు తూగుతుంది. పైన చెప్పిన స్టాండుకు 12 మీటర్లు పడుతుంది, అంటే 13 కిలోలు. పలక ఇంకో 7. బలం చాలినంత కంటే ఎక్కువే. కొందరు అడక్కుండానే 40 × 40, 2 మి.మీ. పైపు పెడదామంటారు, గట్టిగా ఉంటుందని. అది మీటరుకు 2.4 కిలోలు, బరువు రెండింతలు దాటుతుంది, జరపడం మానేస్తారు. ఇక్కడ బరువులు మోసే పని లేదు, ఆ మాట గట్టిగా చెప్పండి. పైపు చివరలు మూయించండి, లోపల తేమ చేరితే తుప్పు బయటికి కనిపించేసరికి ఆలస్యమవుతుంది.

కర్రతోనే చేస్తానంటే అదీ బాగానే ఉంటుంది, అతుకుల దగ్గర జాగ్రత్త పడితే. కర్ర చివరి ముఖంలోకి, అంటే నార నిలువుగా ఉన్న వైపు నుంచి, దిగ్గొట్టిన స్క్రూ పట్టు నిలవదు. నిలువు కమ్మీ పీఠాన్ని కలిసే ప్రతి చోటా 12 మి.మీ. ప్లైవుడ్‌తో చేసిన 15 సెం.మీ. త్రికోణం ముక్క పక్క నుంచి జిగురుతో, స్క్రూలతో బిగించండి. చతురస్రం ఊగుతుంది, త్రికోణం ఊగదు. పీవీసీ పైపులతో చేసిన స్టాండ్ల ఫొటోలు మీరూ జత చేశారు. పిల్లల సైకిళ్లు రెండింటికైతే సరే. పెద్ద సైకిళ్లు నెలల తరబడి ఒకే పక్కకు వాలి ఉంటే పీవీసీ నెమ్మదిగా ఆ పక్కకే వంగిపోతుంది, తిరిగి రాదు.

కమ్మీలు రిమ్మును గీకకుండా పాత సైకిల్ ట్యూబును నిలువుగా కోసి చుట్టండి, చివర్లు గట్టిగా కట్టండి. ట్యూబు మందం కూడా గాడి వెడల్పులో లెక్కలోకి తీసుకోవాలి, ఒక్కో పక్క ఒక మిల్లీమీటరు పైనే తినేస్తుంది.

స్థలం సంగతి దాచను. ఈ పద్ధతికి హ్యాండిళ్లతో కలిపి దాదాపు 2.2 మీటర్ల వెడల్పు, 1.85 మీటర్ల లోతు కావాలి. అంత లేదంటే నిలువు స్టాండుకే వెళ్లాలి, కానీ మీ బొమ్మ మార్చాలి. పీఠం స్తంభానికి ముందు వైపు 75 సెం.మీ., వెనక 20 సెం.మీ. ఉండాలి. అప్పుడు అదే 60 కిలోలకు, ఒకటిన్నర మీటర్ల ఎత్తున బోల్తా కొట్టించడానికి కావాల్సిన బలం రెండు కిలోల నుంచి దాదాపు 20 కిలోలకు పెరుగుతుంది. సైకిల్ ఎలాగూ ముందుకు మీటరు పైగా జరిగి ఉంటుంది కాబట్టి ఆ 75 సెం.మీ. అదనంగా తినే స్థలమేమీ కాదు, సైకిళ్ల కిందే ఉంటుంది. కొక్కెం దాదాపు 180 సెం.మీ. ఎత్తున వస్తుంది. బరువుగా ఉన్న పాత సైకిల్‌ను, బ్యాటరీ సైకిల్ ఏదైనా వస్తే దాన్నీ నేల మీదే ఉంచండి, పైకి ఎక్కించే పని పెట్టుకోవద్దు. నిండు స్టాండును జరపొద్దు. ఇది జరిపే స్టాండు కాదు, జరపగల స్టాండు, అదీ ఖాళీ చేశాక.

నిలువుగా వేలాడదీస్తే హైడ్రాలిక్ బ్రేకులు (తీగతో కాక ద్రవం ఒత్తిడితో పనిచేసేవి) పాడవుతాయన్న భయం కూడా మీరు రాశారు. బ్రేకు లైనులో గాలి లేకుంటే ఏమీ కాదు. కొంచెం గాలి ఉంటే అది జరిగి లివరు మెత్తబడుతుంది. ఎక్కే ముందు నాలుగైదుసార్లు లివరు నొక్కి చూడండి. అప్పటికీ మెత్తగానే ఉంటే ఆ సైకిల్ తియ్యకండి, బ్రేకులో గాలి తీయించే సమయం ఎలాగూ వచ్చిందన్నమాట.

నేలకు, కప్పుకు మధ్య బిగించే స్ప్రింగు స్తంభాల గురించి మీ ప్రశ్న కింద వ్యాఖ్యల్లో ఎవరో చెప్పారు. గట్టి స్లాబు ఉన్నచోట పనిచేస్తాయి. ఫాల్స్ సీలింగ్ కింద మాత్రం పెట్టొద్దు, ఆ పలక ఈ ఒత్తిడి తట్టుకోదు.

వెల్డింగ్‌కు ఇచ్చే ముందు నేల మీద టేపుతో 165 × 55 సెం.మీ. గీత గీసి, ఐదు సైకిళ్లూ ఎవరైనా పట్టుకుని ఆ వరుసలో నిలబెట్టి చూడండి. హ్యాండిల్ ఎక్కడ ఎక్కడ తగులుతుందో, తలుపు తెరుచుకుంటుందో లేదో, మధ్యలో ఉన్న పిల్లల సైకిల్ ఒక్కటే బయటికి లాగడం కుదురుతుందో లేదో అప్పుడే తెలిసిపోతుంది. స్టాండు తయారయ్యాక ఒక చివర సైకిల్ మాత్రమే పెట్టి, హ్యాండిల్‌కు కొక్కెం కాటా తగిలించి 5 కిలోల వరకు పక్కకు లాగండి. అవతలి చివర కాలు నేల వదిలితే పీఠం సరిపోలేదన్నట్టు. టైర్ల మీది అంకెలు, హ్యాండిల్ వెడల్పులు ఇక్కడ పెట్టండి, ఏ గాడికి ఎంత సందు వదలాలో చూసి చెప్తాను.